వంశవృక్షం రాద్దాం – 4వ పాఠం: బుజ్జి బాబాయి అసలు పేరేంటి?

పోయిన పాఠం దాకా ఇంటిపేరు, సొంతూరు, తోబుట్టువుల వరస రాసుకున్నాం. చాలామంది నోటుపుస్తకం ఆగిపోయే చోటు ఇప్పుడొచ్చింది. బెజవాడ సత్యనారాయణపురంలోనో, గుంటూరు బ్రాడీపేటలోనో ఒక పెద్దావిడ దగ్గర కూర్చుని అడిగి చూడండి. చిట్టి పెదనాన్న, బుల్లెమ్మత్త, బుజ్జి బాబాయి అంటూ గడగడా చెప్పేస్తుంది. తీరా రేషన్ కార్డు తీస్తే అందులో వీళ్లెవరూ ఉండరు. సుబ్బారావు, అన్నపూర్ణమ్మ, వెంకటేశ్వరరావు ఉంటారు. తొందరపడి రాసేస్తే ముగ్గురు మనుషులు ఆరుగురైపోతారు.

ఇంతకీ ఈ రెండో పేరు ఎందుకొచ్చింది? మన ఇళ్లలో మనవడికి తాత పేరు, మనవరాలికి నాయనమ్మ పేరు పెట్టుకోవడం ఆనవాయితీ. మామగారి పేరు, అత్తగారి పేరు కోడలు నోటితో పలికేది కాదు. మరి కన్నబిడ్డను ఎలా పిలుచుకోవాలి? వాడు అల్లరి చేస్తే తాతగారి పేరు పెట్టి "ఒరేయ్" అని ఎలా కేకలేస్తుంది? అందుకే బాబు, చిన్ని, బుజ్జి, పండు, చంటి. ఆ పిలుపులో బిడ్డ మీద ముద్దు ఎంతుందో పెద్దల మీద మర్యాదా అంతే ఉంది. ముద్దుపేర్లన్నీ ఇలాగే పుట్టలేదు గానీ, పాత తరాల్లో మాత్రం ఇది గట్టి కారణం. కాబట్టి "ఆయన అసలు పేరేంటి?" అని అడిగి ఊరుకోకండి. "ఎవరి పేరు పెట్టుకున్నారు?" అని కూడా అడగండి. ఆ ఒక్క ప్రశ్నతో పైతరం పేరు చేతికి రావచ్చు.

ముద్దుపేర్లలో కొన్ని అసలు పేరు జాడ చెబుతాయి. సుబ్బు వెనక సుబ్రహ్మణ్యమో సుబ్బారావో, సూరి వెనక సూర్యనారాయణ, కిట్టు వెనక కృష్ణ, రాజ్యం వెనక రాజ్యలక్ష్మి ఉంటారు. ఊయలలో పుట్టిన పేర్లు మాత్రం ఏ జాడా చెప్పవు. కృష్ణా జిల్లా వైపు ఎంతో మందికున్న "నాని" పిలుపే చూడండి. కేశినేని నాని అసలు పేరు శ్రీనివాస్, పేర్ని నానిది వెంకట్రామయ్య, కొడాలి నానిది శ్రీ వెంకటేశ్వరరావు. 2024లో విజయవాడ లోక్‌సభ స్థానానికి కేశినేని నాని మీద పోటీ చేసి గెలిచింది ఆయన తమ్ముడు శివనాథ్. ఊరందరికీ ఆయన చిన్ని. పిలుపును బట్టి అసలు పేరు ఊహించి రాయొద్దని ఇందుకే అంటున్నాను.

పెద, చిన సంగతి వేరు. అన్నదమ్ములిద్దరికీ ఒకే దేవుడి పేరు పెట్టి పెద వెంకయ్య, చిన వెంకయ్య అంటారు. అది ముద్దుపేరు కాదు, పేరులో భాగమే. కొట్టేయకండి.

ఇక నాకు బాగా పట్టింపు ఉన్న విషయం. ముద్దుపేరే కాగితాల్లోకి ఎక్కి ఉంటే అదే అసలు పేరు. వైణికుడు చిట్టిబాబు 1936లో కాకినాడలో పుట్టారు. మొదట పెట్టిన పేరు హనుమాన్లు. చిట్టిబాబు అన్నది ఇంట్లో పిలుపు. తర్వాత తండ్రే దాన్ని అసలు పేరుగా మార్చారు. మీ ఇంట్లోనూ ఒక బుల్లయ్యో, బేబీ సరోజినో ఉండొచ్చు. బడిలో చేర్చినరోజు ఇంట్లో పిలిచే పేరే చెప్పి ఉంటారు, అదే సర్టిఫికెట్లోకీ పట్టా పాస్‌పుస్తకంలోకీ వెళ్లి ఉంటుంది. "ఇంత చిన్న పేరు బాగోదు" అని దానికి ముందు వెంకటో లక్ష్మో తగిలించకండి. ఆ మనిషి ఆ పేరుతోనే సంతకం పెట్టింది, ఆ పేరుతోనే బతికింది. ఆ పేరును తర్వాత ఒక మనవడికి పెట్టుకున్నారంటే ఇక అనుమానమే అక్కర్లేదు.

కాగితాల్లో ముందుగా పాత శుభలేఖలు వెతకండి. "చి॥ సాయి శ్రీనివాస్ (పండు)" అని రెండు పేర్లూ ఒక్కచోటే దొరుకుతాయి. ఆస్తి దస్తావేజుల్లో "అలియాస్" అనో, "అను" అనో ఉన్న చోట ఆగి చదవండి. పుట్టిన సర్టిఫికెట్లో పేరు గడి ఖాళీగా ఉంటే కంగారు పడొద్దు. 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం ప్రకారం బిడ్డ పేరు లేకుండానే పుట్టుక నమోదు చేయొచ్చు. పేరును ఏడాదిలోపు ఫీజు లేకుండా, ఆ తర్వాత ఆలస్య రుసుము కట్టి 15 ఏళ్లదాకా ఎక్కించుకోవచ్చు.

ఈ వారం పని: మీ నాన్నగారి తరంలో ఐదుగురిని తీసుకోండి. ఒక్కొక్కరికి ఒక పేజీ. పైన కాగితం పేరు, దాని కింద ఇంటి పిలుపు, ఆ పక్కన అలా ఎవరు పిలిచేవారో రాయండి. అమ్మ ఒకలా, మేనత్త ఇంకోలా పిలిచి ఉంటే రెండూ రాయండి. కాగితం దొరకనివాళ్లకు పై గీత ఖాళీగా వదిలి, పిలుపు మాత్రం తప్పకుండా రాయండి. వచ్చే పాఠంలో ఆ ఖాళీలు నింపడానికి పాత ఓటర్ల జాబితాలు ఎలా చదవాలో చూద్దాం.