క్యాజువాలిటీలో హెచ్‌ఐవీ టెస్టు: రిపోర్టు నుంచి ఏఆర్‌టీ సెంటర్ దాకా

క్యాజువాలిటీలో హెచ్‌ఐవీ టెస్టు చేయడం తేలికే. రియాక్టివ్ (హెచ్‌ఐవీ ఉండొచ్చన్న సూచన) వచ్చిన మనిషిని ఏఆర్‌టీ, అంటే హెచ్‌ఐవీని అదుపులో ఉంచే మందులు ఇచ్చే సెంటర్‌కు చేర్చడమే అసలు పని.

నెలకు పైగా జ్వరం లేదా విరేచనాలు, బరువు తగ్గడం, నోట్లో తెల్లపూత, సర్పి, టీబీ, సుఖవ్యాధులు ఉన్నవారిని తప్పక అడగండి. "మీ ఇతర రక్తపరీక్షలతో పాటు హెచ్‌ఐవీ కూడా చూస్తాం, సరేనా? వద్దన్నా వైద్యం ఆగదు" అంటే చాలు. 2017 హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం ప్రకారం సమ్మతి తప్పనిసరి. స్పృహ లేకపోతే రోగి ప్రతినిధి సమ్మతి కావాలి. ఆపరేషన్ ఉందన్న సాకుతో చెప్పకుండా చేయడం చట్టవిరుద్ధం.

కిట్ ఎక్స్‌పైరీ చూసి, కరపత్రంలో చెప్పినంత రక్తం, బఫర్ వేసి, చెప్పిన సమయానికే చదవండి. రద్దీలో కిట్‌ను మరిచిపోయి ఆలస్యంగా చూస్తే లేని గీత కనిపించవచ్చు. కిట్ సరిగా పనిచేసిందని చూపే కంట్రోల్ గీత రాకపోతే ఆ టెస్టు చెల్లదు, కొత్త కిట్‌తో మళ్లీ చేయాలి. ఒక్క కిట్‌లో రియాక్టివ్ అయితే అది నిర్ధారణ కాదు. ఐసీటీసీలో (హెచ్‌ఐవీ కౌన్సెలింగ్, పరీక్షల కేంద్రం) వేరే కిట్లతో తేల్చాకే పాజిటివ్ అనాలి. ఈమధ్యే హెచ్‌ఐవీ సోకే ప్రమాదానికి గురైనవారికి నెగెటివ్ వచ్చినా విండో పీరియడ్ (సోకినా టెస్టులో ఇంకా కనిపించని కాలం) కావచ్చు. అలా గురై 72 గంటల లోపే అయితే పీఈపీ (సోకకుండా ఆపే మందుల కోర్సు) మొదలుపెట్టించాలి, ఎంత త్వరగా అయితే అంత మేలు. కోర్సు 28 రోజులు.

ఫలితం బంధువుల ముందు చెప్పొద్దు, కేస్ షీట్ అట్ట మీద రాయొద్దు. "ఇంతకుముందు ఏఆర్‌టీ మందులు వాడారా?" అని ఒంటరిగా అడగండి. మధ్యలో మానేసినవాళ్లు చాలామంది దాస్తారు. వాళ్లను కొత్త కేసుగా రాసుకుంటే పాత మందుల చరిత్ర పోతుంది.

ఎక్కువ జారిపోయేది రాత్రిపూటే. ఐసీటీసీ మూసి ఉంటుంది, చీటీ చేతికిచ్చి పంపిస్తే చాలామంది తిరిగి రారు. వీలైతే తెల్లారేదాకా అబ్జర్వేషన్‌లో ఉంచి, స్టాఫ్ ఎవరైనా వెంట తీసుకెళ్లి కౌన్సెలర్‌కు అప్పగించాలి. డిశ్చార్జ్ తప్పదంటే ఫోన్ నంబరు తీసుకుని, అది ఇంట్లో ఇంకెవరైనా ఎత్తుతారేమో కనుక్కోండి. ఎత్తేలా ఉంటే ఆసుపత్రి పేరు తప్ప మరేమీ చెప్పొద్దు. సందేహాలకు 1097 ఉచిత నంబరు రాసివ్వండి.

నిర్ధారణ అయితే సీడీ4 (రోగనిరోధక కణాల లెక్క) ఎంతున్నా ఏఆర్‌టీకి అర్హులే. అయితే తలనొప్పి, మెడ బిగుసుకుపోవడం, మగత ఉంటే ముందు మెనింజైటిస్ (మెదడు పొరల వాపు) సంగతి తేల్చాలి. అది క్రిప్టోకాకల్ (ఒక రకం ఫంగస్ వల్ల వచ్చేది) అయితే ఏఆర్‌టీని 4 నుంచి 6 వారాలు ఆపుతారు, తొందరపడితే ప్రాణానికే ముప్పు. దగ్గు, జ్వరం, రాత్రి చెమటలు, బరువు తగ్గడం అడిగి రిఫరల్ ఫారంలోనే రాయండి, టీబీ అనుమానం అక్కడే తెలుస్తుంది. వారంలోగా ఏఆర్‌టీ సెంటర్‌కు ఫోన్ చేసి రిజిస్ట్రేషన్ నంబరు పడిందో లేదో కనుక్కోండి. ఆ నంబరు రిజిస్టర్‌లో ఎక్కేదాకా కేసు మూయొద్దు.