ఛాత్రోపాధ్యాయుల తరగతిలో గోల: సమస్య - పరిష్కారం

బి.ఇడి. ఇంటర్న్‌షిప్ రోజుల్లో హైదరాబాద్ బడులు తిరుగుతూ, వెనక బెంచీలో కూర్చుని ఛాత్రోపాధ్యాయుల (బి.ఇడి. చదువుతూ బడిలో పాఠాలు చెప్పే శిక్షణార్థుల) పాఠాలు చూడడం నా ఉద్యోగం. ఎక్కువగా కనిపించేవి ఇవి.

సమస్య: బోర్డు మీద రాయడం మొదలుపెట్టగానే గోల.

కారణం: టీచరు వీపు. మొన్న పాతబస్తీలో ఒక ఛాత్రోపాధ్యాయురాలు కిరణజన్య సంయోగక్రియ సమీకరణం రాస్తూ 4 నిమిషాలు గోడవైపే ఉండిపోయింది. మొదట మూడో బెంచీలో కంపాస్ పెట్టె జారిపడింది. తర్వాత నవ్వులు, ఆ తర్వాత సంత. "సైలెన్స్!" అని అరిచింది, ఆ మాట ఆయుష్షు పది సెకన్లు. తప్పు ఆమెది కాదు. కళాశాలలో సూక్ష్మబోధనకు, అంటే కొద్ది నిమిషాల సాధన పాఠానికి, ఎదురుగా కూర్చునేది తోటివాళ్లు. వాళ్లెందుకు అల్లరి చేస్తారు?

పరిష్కారం: బోర్డుకు పక్కవాటుగా నిలబడి, ఒక వాక్యం రాయగానే పిల్లలవైపు తిరగాలి. పెద్ద పటాలు చార్టు మీద ముందే గీసుకోవాలి. మీరు రాసేలోపు వాళ్ల చేతికీ ఒక పని ఉండాలి. తరగతుల వీడియోలు పరిశీలించి 1970లో అమెరికా విద్యా మనస్తత్వవేత్త జాకబ్ కౌనిన్ చెప్పిందీ ఇదే: మంచి టీచరు తేడా మందలింపులో కాదు, అల్లరి పుట్టకముందు చేసే పనుల్లో కనబడుతుంది. కళాశాలలోనే నలుగురు తోటివాళ్లకు అల్లరి పిల్లల వేషం వేయించి సాధన చేయించండి. మా దగ్గర ఈ వేషాలకు పోటీ ఎక్కువ.

సమస్య: ప్రశ్న అడిగితే అందరూ ఒకేసారి అరుస్తారు, లేదా ఎవరూ నోరు విప్పరు.

అరుపులకు కారణం "చెప్పండి పిల్లలూ" అనడమే. ముందు ప్రశ్న, 3 సెకన్ల విరామం, ఆ తర్వాత పేరు. పేర్లు రాకపోతే మొదటి రోజే ఎవరెక్కడ కూర్చున్నారో కాగితం మీద గీసుకోండి. మౌనం సంగతి వేరు. ఇంట్లో ఉర్దూనో హిందీనో మాట్లాడే పిల్లలకు జవాబు తెలిసినా తెలుగు మాట దొరకదు. ముందు పక్కవాడికి తమ భాషలో చెప్పనివ్వండి.

సమస్య: వెనక పర్యవేక్షకులు ఉన్నారన్న కంగారులో చేయి లేస్తుంది.

విద్యాహక్కు చట్టం 2009, 17వ సెక్షన్ దెబ్బలనే కాదు, మానసిక వేధింపునూ నిషేధించింది. పాఠం ఆపకుండా ఆ బెంచీ దగ్గరకు నడిచి నిలబడండి, చాలాసార్లు అదే సరిపోతుంది. మిగతా మాటలు గంట కొట్టాక, విడిగా.

సమస్య: మధ్యాహ్న భోజనం తర్వాత సగం కళ్లు మూతపడతాయి.

ఉపన్యాసం వద్దు, చేతిపనితో మొదలుపెట్టండి. ఆ పీరియడ్ ఎప్పుడూ ఛాత్రోపాధ్యాయులకే ఎందుకు వస్తుందో మాత్రం నన్నడగకండి.