గ్రూపుల సైజులు సమానంగా లేవా? అనోవా రన్ చేసే ముందు చూసుకోండి

బెంగళూరులో థీసిస్ గడువు దగ్గరపడి టెన్షన్ పడుతున్న మన తెలుగు విద్యార్థుల కోసం. అనోవా అంటే గ్రూపుల సగటులను పోల్చే పరీక్ష.

□ ప్రతి గడిలో ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టారా? వైట్‌ఫీల్డ్, జయనగర్‌లలో మెట్రో, బస్సు ప్రయాణికుల అలసట స్కోర్లు పోలుస్తున్నారనుకోండి. ఇక్కడ ఫ్యాక్టర్లు రెండు, ప్రాంతం, వాహనం; వాటి ఒక్కో కలయిక ఒక గడి. నాలుగు గడుల్లో ఒకటి ఖాళీ అయితే ఇంటరాక్షన్ (ఒక ఫ్యాక్టర్ ప్రభావం రెండోదాన్ని బట్టి మారడం) తేల్చలేరు.

□ ఎందుకు తగ్గారో అడిగారా? బాగా అలసినవాళ్లే ఫారం నింపకుండా వెళ్లిపోతే, ఏ పరీక్షా దాన్ని సరిచేయదు.

□ సమం చేయాలని పెద్ద గ్రూపులోంచి డేటా తీసిపారేయకండి. కష్టపడి సేకరించిందే కదా!

□ వేరియన్స్ (స్కోర్లు ఎంత చెదిరి ఉన్నాయో) చూడండి. చిన్న గ్రూపులో ఎక్కువుంటే అనోవాలోని మామూలు ఎఫ్ పరీక్ష లేని తేడాను ఉన్నట్టు చూపే ప్రమాదం పెరుగుతుంది. పెద్ద గ్రూపులో ఎక్కువుంటే ఉన్న తేడా కూడా బయటపడకపోవచ్చు. ఫ్యాక్టర్ ఒకటే అయితే వెల్చ్ 1951లో ఇచ్చిన పరీక్ష వాడండి. జతల పోలికకు (ఏ రెండు గ్రూపుల మధ్య తేడా ఉందో చూడటానికి) గేమ్స్-హోవెల్ పరీక్ష.

□ అసలు చిక్కు రెండు ఫ్యాక్టర్లతోనే. ఒక్కో ఫ్యాక్టర్ వాటాను లెక్కగట్టే పద్ధతులకే టైప్ 1, 2, 3 అని పేర్లు. ఆర్ సాఫ్ట్‌వేర్‌లోని ఏఓవీ (aov) ఫంక్షన్ టైప్ 1 ఇస్తుంది, అంటే ఫార్ములాలో ఏ ఫ్యాక్టర్ ముందు రాశారన్నదాన్ని బట్టి జవాబు మారుతుంది. ఎస్‌పీఎస్‌ఎస్ సాఫ్ట్‌వేర్ మామూలుగా టైప్ 3 (ఇంటరాక్షన్‌తో సహా మిగతావన్నీ లెక్కలోకి తీసుకునేది) ఇస్తుంది. అందుకే ఒకే డేటాకు మీకొకటి, మీ ఫ్రెండ్‌కి ఇంకొకటి వస్తుంది. ఇంటరాక్షన్ లేదనుకుంటే నా ఓటు టైప్ 2కే (ఇంటరాక్షన్‌ను పక్కనపెట్టి, రెండో ఫ్యాక్టర్‌ను లెక్కలోకి తీసుకునేది). ఆర్‌లో టైప్ 3 కావాలంటే ముందు కాంట్రాస్టులను (గ్రూపులకిచ్చే అంకెల కోడ్‌లను) మొత్తం సున్నా అయ్యేలా మార్చండి. లేకపోతే ఇంటరాక్షన్ ఉన్న మోడల్‌లో మెయిన్ ఎఫెక్టుల (ఒక్కో ఫ్యాక్టర్ విడి ప్రభావాల) అంకెలు మీరనుకున్న ప్రశ్నకు జవాబు కావు.

□ ఏ టైప్ వాడతారో ఫలితం చూడకముందే గైడ్‌కు మెయిల్ పెట్టేయండి. రిపోర్టులో గడులవారీ సంఖ్యలు కూడా ఇవ్వండి.