యుద్ధం కావాలంటున్న నాయకుల మాట వార్తగా రాసే ముందు జాగ్రత్తలు

- ముందు ఆ మాట ఎవరన్నారు, పేరు వేయొచ్చా అడగండి. పేరు చెప్పని అధికారులు నలుగురు ఒకే మాటన్నారంటే నలుగురు సాక్షులున్నట్టు కాదు, అందరూ చదివింది ఒకే కాగితం కావచ్చు.

- ఇరాక్ కొనబోయిన అల్యూమినియం గొట్టాలు అణుబాంబు కోసమేనని 2002లో అమెరికా ప్రభుత్వం ఊదరగొట్టింది, కానీ వాళ్ల సొంత ఇంధన శాఖ నిపుణులే అవి రాకెట్ల కోసం అయ్యుంటాయన్నారు, ఆ మాట చాలామంది పాఠకుల దాకా రానేలేదు. అందుకే పై వాళ్ల ప్రకటన దగ్గర ఆగకుండా, ఆ పని తెలిసిన కింది స్థాయి వాళ్లను కదపండి. అమెరికా పత్రికల సంస్థ నైట్ రిడ్డర్ విలేకరులు అప్పట్లో చేసింది అదే.

- దేశద్రోహి అంటారన్న టెన్షన్‌తో ప్రశ్న మింగేయొద్దు. చచ్చేది సామాన్యుల పిల్లలు.

- తప్పని తేలితే సవరణ మొదటి పేజీలోనే వేయండి. ఇరాక్ వార్తల్లో తన లోపాలు న్యూయార్క్ టైమ్స్ పత్రిక ఒప్పుకున్నది ఇరాక్ యుద్ధం మొదలై ఏడాది దాటాక, 2004 మే 26న, అదీ లోపలి పేజీలో.