హెడ్‌లైట్ మసక, ఎక్కుడులో కుదుపు: పాత కారులో రెండు జబ్బులు, సమస్య నుంచి పరిష్కారం దాకా

పాత మారుతి 800, ఓమ్ని, అంబాసిడర్ లాంటి బండ్లలో ఈ రెండు ఫిర్యాదులూ మామూలే. రాత్రి గుంటూరు నుంచి వస్తుంటే కాజ టోల్‌గేటు దాటాక రోడ్డు కనిపించదు. కనకదుర్గ ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు ఇంజిన్ ఊపిరి బిగబట్టినట్టు ఆగి ఆగి లాగుతుంది. ఒకటి కరెంటు సంగతి, ఇంకోటి పెట్రోలు సంగతి. జబ్బు మాత్రం రెండింట్లోనూ ఒకటే. వెళ్లాల్సిన దారిలో ఎక్కడో ఇరుకు పడింది. ఆ ఇరుకు ఖాళీగా ఉన్నప్పుడు కనపడదు, భారం పడితేనే బయటపడుతుంది. బల్బు పీకేసి ప్లగ్గులో మీటరు పెడితే పాడైన వైరు కూడా 12 వోల్టులు చూపిస్తుంది. పెట్రోలు ఫిల్టర్ విప్పి నోటితో ఊదితే సగం పూడినది కూడా గాలి వదులుతుంది. ఈ రెండు పరీక్షలనూ నమ్మి "అంతా బాగానే ఉంది" అనుకున్నవాళ్లే బల్బుల మీద బల్బులు, స్పార్క్ ప్లగ్గుల మీద స్పార్క్ ప్లగ్గులు మారుస్తుంటారు.

పని మొదలుపెట్టే ముందు బ్యాటరీ నెగటివ్ తీసేయండి, లైవ్ కొలత తీసుకునేటప్పుడే తిరిగి పెట్టండి. పెట్రోలు పని అపార్ట్‌మెంటు సెల్లార్‌లో వద్దు. పెట్రోలు ఆవిరి గాలికన్నా బరువు, నేలను అంటిపెట్టుకుని పాకుతూ పోతుంది. పక్కనే లిఫ్ట్ మోటారో, నీళ్ల మోటారో ఆన్ అయితే చాలు. ఆరుబయట, ఇంజిన్ చల్లగా ఉన్న పొద్దుటి వేళ, పక్కన డ్రై పౌడర్ సిలిండరో ఇసుక బక్కెటో పెట్టుకుని చేయండి.

సమస్య: రెండు లైట్లూ మసకగా, పసుపురంగులో

ఇంజిన్ స్టార్ట్ చేసి, లైట్లు వేసి, కొంచెం రేజ్ చేసి బ్యాటరీ మీద వోల్టులు చూడండి. 13.8 నుంచి 14.4 మధ్య ఉండాలి. 13 కూడా దాటకపోతే మీ సమస్య లైట్లలో లేదు, ఆల్టర్నేటర్‌లో ఉంది. బెల్టు బిగువు, బ్రష్‌లు చూపించుకోండి.

బ్యాటరీ మీద సరిగ్గా ఉంటే, ఇప్పుడు బల్బు వెలుగుతుండగానే ప్లగ్గు వెనక నుంచి ప్రోబులు దూర్చి బల్బులో వెలుగుతున్న ఫిలమెంట్ రెండు పిన్నుల మధ్య వోల్టులు కొలవండి. ప్లగ్గు పీకకూడదు. అక్కడ 13.3 వస్తే బాగున్నట్టే. 11.8 వచ్చిందనుకోండి, దారిలో 2 వోల్టులు పోయాయి. 2 వోల్టులేగా అనిపిస్తుంది కానీ, హాలోజన్ బల్బు వెలుగు వోల్టేజీతో సమానంగా తగ్గదు, దానికన్నా చాలా వేగంగా పడిపోతుంది. వోల్టేజీ పదో వంతు తగ్గితే వెలుగు మూడో వంతు దాకా పోతుంది. 11.8 దగ్గర మీకు అందేది 60 శాతం వెలుగు మాత్రమే.

ఎందుకు పోయింది? పాత బండ్లలో హెడ్‌లైట్ కరెంటంతా డాష్‌బోర్డు ఫ్యూజు, స్టీరింగ్ పక్కన లైటు స్విచ్చి, డిప్పర్ (హై, లో బీమ్ మార్చే స్విచ్చి), సన్నటి వైరు, అక్కడి నుంచి బల్బు అంటూ ఊరంతా తిరిగి వస్తుంది. హై బీమ్‌లో రెండు 60 వాట్ల బల్బులంటే 10 ఆంపియర్లు. పాతికేళ్ల స్విచ్చి కాంటాక్టు మీద అది చాలా బరువు. దీనికి రిలే తప్ప మంచి మందు లేదు. రిలే అంటే లోపలి కాయిల్‌కి (తీగ చుట్టకి) పాత స్విచ్చి నుంచి చిన్న కరెంటు అందగానే బ్యాటరీ నుంచి పెద్ద కరెంటుని నేరుగా బల్బుకి కలిపే స్విచ్చి. 100/90 వాట్ల బల్బు వేయడం మాత్రం మంటకు కిరసనాయిలు పోయడమే. కరెంటు పెరుగుతుంది, నష్టమూ పెరుగుతుంది, హోల్డర్ కరుగుతుంది. హై, లో ఫిలమెంట్లు రెండూ ఒకే గాజులో ఉండే 60/55 హెచ్4 బల్బే ఉంచండి.

లోపల రిఫ్లెక్టర్ మెరుపుపూత పోయి బూడిదరంగు తిరిగి ఉంటే మాత్రం ఏ వైరింగూ కాపాడదు, లైటు అసెంబ్లీ మార్చాల్సిందే. అది ముందు చూసుకోండి.

సమస్య: ఒక్క లైటే మసక, ఇండికేటర్ వేస్తే అదీ మినుకుమంటుంది

ఇది ఎర్త్ లోపం, అంటే కరెంటు బల్బు నుంచి బాడీ గుండా బ్యాటరీకి తిరిగి వెళ్లే దారిలోది. ఆ పక్క బల్బుకి సరైన ఎర్త్ దొరక్క కరెంటు పార్కింగ్ లైటు గుండానో, ఇండికేటర్ గుండానో దొడ్డిదారి వెతుక్కుంటోంది. ఎర్త్ లగ్గు బిగించిన బోల్టు విప్పి చూస్తే కింద తుప్పో, పచ్చటి చిలుమో కనపడుతుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపు నీళ్లలో నిలబడిన బండ్లయితే ఇది ముందే చూడాలి. పైకి వైరు కొత్తగా ఉంటుంది, ఇన్సులేషన్ ఒక అంగుళం ఒలిస్తే లోపల రాగి నల్లగా మాడినట్టుంటుంది. ఆ నలుపు ఉన్నంత మేరా కోసి పారేయండి. గీకితే పోయేది కాదు. బాడీ మీద పెయింటు మెరిసే రేకు కనపడేదాకా గీకి, కొత్త రింగు లగ్గు, పళ్ల వాషరు వేసి బిగించి, పైన వాజిలిన్ రాయండి.

రిలే వేసే పద్ధతి

కావాల్సినవి: 12 వోల్టుల నాలుగు పిన్నుల 30 లేదా 40 ఆంపియర్ రిలేలు రెండు, సాకెట్లతో సహా. సిరామిక్ హెచ్4 హోల్డర్లు రెండు. 15 ఆంపియర్ ఫ్యూజులు రెండు, వైరు మధ్యలో వేసే హోల్డర్లతో. 2.5 చదరపు మిల్లీమీటర్ల మల్టీస్ట్రాండ్ వైరు ఎరుపు 4 మీటర్లు, నలుపు 2 మీటర్లు. ట్రిగ్గర్‌కి, అంటే రిలే కాయిల్‌కి, 1 చదరపు మి.మీ. వైరు 2 మీటర్లు. రింగు లగ్గులు, పిన్ను లగ్గులు, ముడతల గొట్టం. అన్నీ ఆటోనగర్‌లో ఒకే వీధిలో దొరుకుతాయి. ఇంటి వైరింగులో మిగిలిన ఒంటి తీగ వైరు మాత్రం వాడకండి, ఇంజిన్ అదురుకి విరుగుతుంది.

వైరు ముట్టుకునే ముందు మీ బండి ఏ తరహాదో తేల్చుకోండి. చాలామంది తప్పేది ఇక్కడే. ప్లగ్గు పీకి, లో బీమ్ స్విచ్చి వేసి, టెస్ట్ ల్యాంప్ క్లిప్పు బాడీకి పెట్టి మూడు పిన్నులూ ముట్టించి చూడండి. డిప్పర్ మార్చినప్పుడల్లా వెలుగు ఒక పిన్ను నుంచి ఇంకో పిన్నుకి మారితే స్విచ్చి లైవ్ వైపు ఉన్నట్టు. డిప్పర్ ఎటు ఉన్నా ఒకే పిన్ను వెలుగుతుంటే కామన్‌కే (హై, లో రెండింటికీ ఉమ్మడి పిన్నుకే) లైవ్ వస్తోంది, డిప్పర్ ఎర్త్‌ని కలుపుతోంది. జపాన్ పుట్టుక ఉన్న పాత బండ్లలో ఈ రెండో రకం కనిపిస్తుంది. బజారు కిట్టు వేశాక "లైట్లే రావట్లేదు" అనే గోల ఎక్కువగా దీనివల్లే. ఆ కిట్లలో రిలే కాయిల్ ఒక కొస బాడీకి కట్టేసి ఉంటుంది. రెండో రకం బండిలో ఆ ప్లగ్గు నుంచి వచ్చేదీ ఎర్తే. రెండు కొసలకీ ఎర్త్ తగిలితే రిలే ఎలా పడుతుంది?

దీనికి ఒక తేలిక ఉపాయం ఉంది. కాయిల్ కొస దేన్నీ బాడీకి కట్టకండి. ఒక పాత ప్లగ్గులోంచే మూడు వైర్లూ తీసుకోండి. రిలే పిన్నుల పక్కన నంబర్లు ముద్రించి ఉంటాయి, 85, 86 కాయిల్‌వి, 30, 87 పెద్ద కరెంటువి. కామన్ పిన్ను రెండు రిలేల 86కి, లో పిన్ను మొదటి రిలే 85కి, హై పిన్ను రెండో రిలే 85కి. బండి ఏ తరహాదైనా బల్బు ఉన్న చోటే కాయిల్ కూర్చుంది కాబట్టి పని చేస్తుంది. లోపల డయోడ్ గుర్తు ఉన్న రిలే మాత్రం కొనకండి, దానికి ప్లస్ మైనస్ పట్టింపు ఉంటుంది. రెండో పక్క పాత ప్లగ్గుని టేపు చుట్టి కట్టేయండి.

మిగతాది సులువు. బ్యాటరీ పాజిటివ్ నుంచి ఒక్కో రిలే 30కి విడివిడి ఎరుపు వైరు, బ్యాటరీకి జానెడు దూరం లోపే ఫ్యూజు. ఫ్యూజు రిలే దగ్గర పెడితే మధ్యలో ఉన్న వైరుకి కాపలా లేనట్టే. మొదటి రిలే 87 నుంచి రెండు కొత్త హోల్డర్ల లో పిన్నులకి, రెండో రిలే 87 నుంచి హై పిన్నులకి. కామన్ పిన్నులు ఒక్కోటి దగ్గర్లోని శుభ్రం చేసిన బాడీ బోల్టుకి. బల్బులో ఏ పిన్ను దేనిదో సందేహముంటే బ్యాటరీకి క్షణం ముట్టించి చూడండి. గాజు లోపల చిన్న రేకు దొప్ప పట్టినట్టున్న ఫిలమెంట్ లో బీమ్‌ది. దొప్ప లేనిది హై.

రిలేల పిన్నులు కిందికి ఉండేలా నిలువుగా బిగించండి. పైకి పెడితే వానాకాలానికి అవి నీళ్ల గిన్నెలవుతాయి. వైరు రేడియేటర్ రేకు అంచు మీదుగా పోయే చోట ముడతల గొట్టం తప్పనిసరి. ఆర్నెల్ల తర్వాత ఫ్యూజు కారణం లేకుండా పోతోందంటే ముందు అక్కడే వెతకాలి. బల్బు గాజుని వేళ్లతో తాకితే చమురు మరక దగ్గర వేడెక్కి పగులుతుంది, గుడ్డతో పట్టుకోండి.

అంతా అయ్యాక మళ్లీ బల్బు పిన్నుల మధ్య కొలవండి. బ్యాటరీకీ దానికీ తేడా 0.5 వోల్టు లోపు ఉండాలి. ఆ తర్వాత సమతలంగా ఉన్న చోట గోడకి 5 మీటర్ల దూరంలో బండి ఆపి, లో బీమ్ పై అంచు లైటు మధ్య ఎత్తుకన్నా 5 సెంటీమీటర్లు కిందికి వచ్చేలా సర్దండి. వెలుగు పెరిగింది కాబట్టి ఇది మానేస్తే ఎదుటివాడి తిట్లు మీకే.

సమస్య: ఐడిల్ బాగుంటుంది, ఎక్కుడులో, 60 దాటాక కుదుపు

ఫిల్టర్ పూడుకుంది, లేదా వేడికి పెట్రోలు పైపులోనే ఆవిరైపోతోంది. ఎండాకాలంలో బెజవాడ మధ్యాహ్నాల్లో ఈ రెండూ అన్నదమ్ముల్లా ఉంటాయి. విడదీయడానికి ఒకటే దారి. పెట్రోలు పంపు మీద తడిగుడ్డ వేసి పది నిమిషాలు ఆగితే మామూలై, తెల్లవారుజామున అసలు రాకపోతే అది వేడి. పైపు, ఫిల్టర్ ఎగ్జాస్ట్ మానిఫోల్డ్‌కి దూరంగా జరిపితే సరిపోతుంది. చల్లటి వేళ కూడా భారం పడగానే కుదిపితే ఫిల్టర్.

ఫిల్టర్‌లో పెట్రోలు సగమే కనిపిస్తోందని కంగారు పడకండి. కార్బురేటర్ బండ్ల ప్లాస్టిక్ ఫిల్టర్ సగం ఖాళీగానే నడుస్తుంది. చూడాల్సింది లోపలి కాగితం రంగు. టీ డికాషన్ రంగు తిరిగిందా, అడుగున తుప్పు రజను ఉందా, నీటి ముత్యాలు దొర్లుతున్నాయా అని చూడండి. ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. ఇథనాల్ నీటిని పీల్చుకుంటుంది, టాంకు గోడల పాత మడ్డిని కడిగి తెస్తుంది, పాతకాలం రబ్బరు పైపుల్ని ఉబ్బిస్తుంది. అందుకే ఎక్కువ రోజులు నిలబెట్టిన బండి బయటికి తీశాక ఫిల్టర్ తొందరగా పూడుతుంది. ఫిల్టర్ మారుస్తున్నప్పుడే పైపు ముక్కలు కూడా పెట్రోలు పైపు అని ముద్ర ఉన్నవే వేయండి. నీళ్ల పైపు నెలల్లో మెత్తబడుతుంది.

కార్బురేటర్ బండిలో మార్చడం అరగంట పని. టాంకు పావు వంతుకి తగ్గాక పెట్టుకోండి. మూత తెరిచి ఆవిరి వదలండి. కింద గుడ్డ పరచండి. క్లిప్పులు వదులు చేసి పైపుని లాగకుండా మెలితిప్పండి. రాకపోతే చివర సెంటీమీటరు కోసేయండి. లాగితే పంపు ముక్కు విరుగుతుంది, అది అరగంట పని కాస్తా రెండు రోజుల పనవుతుంది. టాంకు వైపు పైపులో సరిపడే బోల్టు దూర్చి ఉంచితే కారదు. కొత్త ఫిల్టర్ మీద బాణం గుర్తు ఇంజిన్ వైపు ఉండాలి. క్లిప్పు రబ్బరు కొంచెం ఉబికేంత బిగిస్తే చాలు, కోసుకుపోయేలా కాదు. బయటికి వచ్చిన పెట్రోలు సైడు కాలువలో పోయకండి.

ఎంపీఎఫ్ఐ బండి, అంటే కార్బురేటర్ బదులు ఇంజెక్టర్లతో పెట్రోలు చిమ్మేది, వేరే కథ. అక్కడ పైపులో 2.5 నుంచి 3 బార్ల ఒత్తిడి ఉంటుంది. పంపు ఫ్యూజు పీకి, ఇంజిన్ దానంతట అది ఆగేదాకా నడిపి, ఇంకో మూడు సెకన్లు సెల్ఫ్ కొట్టాకే విప్పాలి. లేకపోతే పెట్రోలు కళ్లలోకి చిమ్ముతుంది. రేకు ఫిల్టర్, ఇంజెక్షన్ పైపు, ఇంజెక్షన్ క్లిప్పులే వాడాలి. కార్బురేటర్ ప్లాస్టిక్ ఫిల్టర్ పెట్టడం ప్రాణం మీదికి తెచ్చుకోవడమే. బిగించాక పంపు ఫ్యూజు తిరిగి పెట్టి, స్టార్ట్ చేయకుండా కీ రెండుసార్లు ఆన్ చేసి ఆపి, అతుకుల చుట్టూ పొడి టిష్యూ కాగితంతో ఒత్తి చూడండి. తడి అంటితే మళ్లీ విప్పండి.

ఫిల్టర్ మార్చినా కుదుపు పోలేదు

టాంకు మూత తీసేటప్పుడు "స్స్" అని గాలి లోపలికి పీల్చుకుంటుంటే మూతలోని గాలి రంధ్రం పూడింది. మూత వదులుగా పెట్టి కొంచెం దూరం నడిపితే తెలిసిపోతుంది. అదీ కాకపోతే టాంకు లోపలి జల్లెడ, కార్బురేటర్ బండిలో అయితే పంపు డయాఫ్రమ్ (పెట్రోలుని తోసే లోపలి పలుచటి పొర). ఆయిల్ డిప్‌స్టిక్ తీసి వాసన చూడండి. పెట్రోలు వాసన కొట్టి, మట్టం గుర్తు కన్నా పైకి ఉంటే డయాఫ్రమ్ చిరిగి పెట్రోలు ఇంజిన్ ఆయిల్‌లో కలుస్తోంది. ఆ బండిని ఇక స్టార్ట్ చేయకండి. పంపు మార్చి, ఆయిలూ ఆయిల్ ఫిల్టరూ కొత్తవి వేశాకే కీ తిప్పండి.