చిన్న ఉమెన్స్ కాలేజీలో డ్రామా క్లబ్ ఎలా నడపాలి? (ముందు బస్సు టైం చూడండి)

మాది ఒడిశాలో గజపతి జిల్లా పర్లాకిమిడి. ఇంట్లో తెలుగు, బజార్లో రెండూ, కాలేజీకెళ్తే ఒడియా, ఇక్కడ అందరం అలా పెరిగినవాళ్ళమే. నేను చదివింది ఒక బుల్లి ఉమెన్స్ కాలేజీలో, ఇప్పుడు ఇంకో బుల్లి కాలేజీలో గెస్ట్ లెక్చరర్ని, కల్చరల్ అనే మాట వినపడితే చాలు పని నా నెత్తిన పడేస్తారు. అలా పడీ పడీ నేర్చుకున్నదే ఇది. బరంపురం, రాయగడ, గుణుపురం వైపు పిల్లలకీ పనికొస్తుందని రాస్తున్నా.

స్టెప్ 1: ఆఖరి బస్సు

టాలెంట్ ఉందా, డబ్బులున్నాయా అనేది తర్వాత. ఎవరు ఏ బస్సుకి, ఏ ట్రైనుకి పోతారో ముందు ఒక కాగితం మీద రాయండి. మా ఫైనలియర్‌లో పద్నాలుగు పాత్రల సాంఘిక నాటకం ఎత్తుకున్నాం, పెద్ద కాలేజీవాళ్ళు వేశారు కదా మనకేం తక్కువ అని. సాయంత్రం రిహార్సల్ అనేసరికి కాశీనగరం పిల్లలు నాలుక్కే సంచులు సర్దుకునేవాళ్ళు, ఒకరోజు తల్లి వేషం పిల్ల ఉంటే ఆ రోజు కూతురు వేషం పిల్ల ఉండదు, దసరా సెలవులయ్యాక చూస్తే హీరోయిన్‌కి పెళ్ళి కుదిరిపోయింది. నాటకం మూలపడింది, ముందే కట్టిన డ్రెస్సుల అడ్వాన్సు కూడా పోయింది.

అందుకని రిహార్సల్ మధ్యాహ్నం తిండి టైములోనే, నలభై నిమిషాలు, వారానికి మూడ్రోజులు. తక్కువే, కానీ మనిషి ఉంటుంది. షో ముందు వారం లేటయ్యే రోజులుంటే ఇళ్ళకి ఫోన్ మేడమే చెయ్యాలి, పిల్ల చేస్తే నమ్మరు.

స్టెప్ 2: కొత్త క్లబ్ పెట్టకండి

మన ఒడిశా కాలేజీల్లో చాలాచోట్ల డ్రమాటిక్ సొసైటీ అని పేరుకైనా ఒకటి ఉంటుంది. ఆఫీసులో అడిగి దాని బాధ్యత ఏ లెక్చరర్ మీద ఉందో తెలుసుకోండి, ఆ పద్దులో డబ్బు ఏమైనా ఉందేమో కూడా. దాన్నే లేపి నిలబెట్టడం సుళువు. ఇంకోమాట, "తెలుగు క్లబ్" అని మాత్రం పేరు పెట్టొద్దు. పెట్టారో, ఒడియా పిల్లలు రారు, సవర గిరిజన పిల్లలు అసలే రారు, మిగిలేది మీరూ మీ ఫ్రెండ్సూ.

స్టెప్ 3: ముగ్గురితో అయ్యేది పట్టుకోండి

నా ఓటు బుర్రకథకి. తంబుర పట్టుకుని నడుమ కథ చెప్పే మనిషి, అటూఇటూ డక్కీలు వాయిస్తూ ఇద్దరు వంతలు, ఒకళ్ళు రాజకీయం, ఒకళ్ళు హాస్యం. స్టేజీ లేకపోయినా వరండా చాలు. ముగ్గురిలో ఒకళ్ళు రాకపోతే ఇంకో పిల్లని నిలబెట్టొచ్చు, "తందాన తాన" పట్టడం నాలుగు రోజుల్లో వచ్చేస్తుంది.

అసలు కిటుకు ఏంటంటే, కథ తెలుగులో నడిపించి హాస్యం వంత ఒడియా పిల్లకి ఇవ్వండి. మామూలు బుర్రకథలో కూడా హాస్యగాడు అడ్డంపడి "అదేటి, నాకర్థం కాలేదు" అని అడుగుతూనే ఉంటాడు కదా, ఇక్కడ నిజంగానే ఒడియాలో అడుగుతుంది, కథకురాలు మళ్ళీ విప్పి చెప్తుంది, హాల్లో తెలుగు రానివాళ్ళకి కథ మొత్తం అందుతుంది. అనువాదం చేస్తున్నట్టే ఉండదు, జోకులా ఉంటుంది. మా దగ్గర చప్పట్లన్నీ ఆ పిల్లకే పడ్డాయి, కథకురాలు రెండ్రోజులు మూతి ముడుచుకుంది, అది వేరే సంగతి.

కథ ఎక్కడిది అంటే ఊళ్ళోనే ఉంది. గిడుగు రామమూర్తి పంతులు గారు పర్లాకిమిడిలోనే టీచరుగా చేశారు, సవరలతో కూర్చుని వాళ్ళ భాష నేర్చుకున్నారు, వాళ్ళకోసం బళ్ళు పెట్టారు, వాడుక తెలుగు కోసం పండితులతో తగువాడారు. ఆగస్టు 29 ఆయన పుట్టినరోజు, తెలుగు భాషా దినోత్సవం, డేట్ కూడా దొరికేసినట్టే. సవర అమ్మాయి ఎవరైనా ఉంటే పంతులుగారు భాష నేర్చుకునే సీన్లో ఆమె సవరలోనే మాట్లాడాలి, ఆయన తప్పులు పలకాలి, ఆమె దిద్దాలి. ఆ ఐదు నిమిషాలు ఎవరూ ఫోన్ చూడరు.

డాన్సంటే ఇష్టమైనవాళ్ళు ఉంటే గిరిజనుల థింసా నాట్యం చూడండి, భుజాలూ నడుములూ పట్టుకుని వరసకట్టి ఆడేది కాబట్టి పన్నెండు మందైనా ఇరవై మందైనా ఒకటే. ఒడిస్సీ, కూచిపూడి మాత్రం చిన్నప్పట్నుంచి నేర్చుకున్న పిల్ల ఉంటేనే, నెల్రోజుల్లో నేర్పేద్దాం అనుకోకండి.

స్టెప్ 4: స్క్రిప్ట్ ఏ లిపిలో?

బయటివాళ్ళకి తట్టని ప్రాబ్లం ఇది. మా పిల్లలు తెలుగు గలగలా మాట్లాడతారు, చదవడం రాదు, బడంతా ఒడియా మీడియం. కాబట్టి తెలుగు డైలాగుల్ని ఒడియా అక్షరాల్లో రాసుకుంటారు. చక్కగానే ఉంటుంది, కాకపోతే ఒడియా లిపిలో ఎ, ఏ లకి ఒకటే గుర్తు, ఒ, ఓ లకీ అంతే. మొదటి రీడింగులో ఒక పిల్ల సీరియస్‌గా "మెడ దిగి రా" అంది. మేడ! అందరం పడీపడీ నవ్వాం, పాపం ఆ పిల్ల మాత్రం కాగితం వైపే చూస్తోంది, తప్పేటో తెలీక.

అప్పట్నుంచి రూలు పెట్టాం, దీర్ఘం ఉన్నచోట అక్షరం పైన ఎర్ర పెన్నుతో గీత. డైలాగులన్నీ తెలుగు బాగా పలికే మనిషి ఎవరైనా వాట్సాప్‌లో వాయిస్ నోట్ పెట్టాలి, సీనుకొకటి, పొడుగ్గా వద్దు. ఇంకో సుఖం ఏంటంటే బస్సులో చెవిలో పెట్టుకుని వింటూ వస్తారు, బట్టీ అక్కడే అయిపోతుంది. మా ఇళ్ళల్లో మాట్లాడే యాసని దిద్దకండి. "ఏటి", "ఎలాగున్నావు" అంటేనే మన పిల్ల. పుస్తకాల తెలుగు పెడితే నోరు తిరగదు, పైగా గిడుగువారి కథ గ్రాంథికంలో చెప్తే ఆయనే లేచొస్తారు.

స్టెప్ 5: మీసాలు

ఉమెన్స్ కాలేజీ కాబట్టి మగ పాత్రలూ మనవే. ఎవరైనా నవ్వితే కూచిపూడిలో వేదాంతం సత్యనారాయణ శర్మ గారు సత్యభామగా వేసేవారనీ, ఒడియావైపు గోటిపువాలో మగపిల్లలే ఆడవేషం కట్టి ఆడతారనీ చెప్పండి, మనం లెక్క సరిచేస్తున్నాం అంతే.

కాటుక మీసం పెట్టొద్దు, పావుగంటలో చెమటకి గడ్డం అయిపోతుంది. వేషాల సామాను అద్దెకిచ్చేచోట అంటించే మీసం దొరుకుతుంది, ఒకరోజు ముందే పెట్టి చూడండి, కొంతమందికి జిగురు పడక దద్దుర్లొస్తాయి. పంచె కింద లెగ్గింగ్ తప్పనిసరి, నడుము దగ్గర నాలుగు పిన్నీసులు, అవి బయటికి కనపడకుండా పైన కండువా. గొంతు మార్చి బొంగురుగా మాట్లాడొద్దు, నడక మారిస్తే చాలు. ఇంట్లో బాబాయి ఎలా నడుస్తాడో వారం రోజులు చూడమనండి.

స్టెప్ 6: పర్మిషన్లూ సౌండూ

ప్రిన్సిపాల్‌కి అర్జీలో తేదీ, టైం, ఎంతమంది, ఎన్నింటికి అయిపోతుంది, ఇవి రాస్తే చాలు. వేరేవాళ్ళు రాసిన నాటకమో పాటో వేస్తుంటే, చూసేవాళ్ళు స్టాఫు, స్టూడెంట్లు, వాళ్ళ అమ్మానాన్నలు, కాలేజీకి సంబంధించినవాళ్ళు మాత్రమే అయినంతవరకు 1957 కాపీరైట్ చట్టం వెసులుబాటు ఇస్తుంది. ఊరందరికీ టికెట్లు అమ్మితే కథ వేరు, రచయితని అడగాల్సిందే. మైకు బయట పెడితే రాత్రి 10 నుంచి పొద్దున 6 వరకు కుదరదు, మనకెలాగూ బస్సుంది కాబట్టి ఆ గొడవే రాదు.

డక్కీల దగ్గర ఒక మైకు తక్కువ ఎత్తులో పెట్టించండి, సౌండతను "అవసరం లేదమ్మా" అంటాడు, వినకండి.

స్టెప్ 7: తాళం ఎవరికి?

ప్లస్ త్రీ (అంటే మన దగ్గర డిగ్రీ) ఫైనలియర్ వాళ్ళు పరీక్షల్లో పడితే మళ్ళీ కనపడరు. అందుకని షో అయిన వారంలోనే ఫస్టియర్ పిల్ల ఒకరికి, సెకండియర్ పిల్ల ఒకరికి బీరువా తాళం ఇచ్చేయండి, చెరొకటి. లోపల ఒక నోటుబుక్: ఏం ఖర్చయింది, మీసాలు ఎక్కడ తెచ్చాం, ఏ డైలాగు దగ్గర నవ్వారు, ఎవరు ఏ బస్సు. స్క్రిప్టు ఎర్రగీతలతో సహా అందులోనే. డక్కీలు మాత్రం కింద అరలో పెట్టొద్దు, వానాకాలం చెమ్మకి చర్మం సాగిపోయి మోత పలకదు. పై అరలో, పాత చీర చుట్టి.