చరిత్రకారుడి జీవితం రాయడం – 5వ పాఠం: ముఖపత్రం మీది ఏడును నమ్మకండి

పోయిన పాఠంలో ఇంగ్లండు చరిత్రకారుడు పీటర్ లాస్లెట్ జీవితానికి కాలపట్టిక కట్టమన్నాను. వచ్చిన పట్టికల్లో పుట్టిన ఏడు 1915, పోయిన ఏడు 2001 సరిగ్గానే ఉన్నాయి. కేంబ్రిడ్జి చదువు, యుద్ధకాలంలో జపాను నౌకాదళ సంకేతాలు విప్పిన కొలువు కూడా పరవాలేదు. బోల్తాపడ్డదల్లా ఒక్క వరుసలో: "1960: జాన్ లాక్ 1690లో రాసిన 'టూ ట్రీటిసెస్ ఆఫ్ గవర్నమెంట్'ను లాస్లెట్ పరిష్కరించి ప్రచురించాడు." ఈ వాక్యంతో లాస్లెట్ చేసిన అసలు పనిని మీరే కొట్టేశారు. ఇంగ్లండు తత్వవేత్త లాక్ ప్రభుత్వం మీద రాసిన ఈ రెండు వ్యాసాల పుస్తకం 1690 నాటి రచన కాదని చూపించడమే కదా ఆయన పేరు నిలబెట్టింది! అందుకే ఈసారి చెప్పాలనుకున్న పదవులూ ఉద్యోగాల సంగతి వచ్చే పాఠానికి జరిపాను.

పుస్తకానికి ఒక ఏడు ఉండదు, కనీసం నాలుగుంటాయి. కాగితాన్ని అడ్డంగా పెట్టి నాలుగు గడులు గీయండి: రాసిన ఏడు, బయటికొచ్చిన ఏడు, ముఖపత్రం మీది ఏడు, రచయిత తనదేనని ఒప్పుకున్న ఏడు. లాక్ పుస్తకానికి రెండో గడిలో 1689 చివర. మూడో గడిలో 1690, ఎందుకంటే ముఖపత్రం మీద వచ్చే ఏడు వేశారు. ముఖపత్రం మీద రచయిత పేరు లేదు. లాక్ తనదని రాతపూర్వకంగా ఒప్పుకున్నది 1704లో, చనిపోయే ముందు వీలునామాకు చేర్చిన అనుబంధంలో. కాబట్టి నాలుగో గడి 1704.

ఇక మొదటి గడి. తగవంతా ఇక్కడే. 1690 అని వేస్తే ఆ పుస్తకం అయిపోయిన పెళ్లికి మేళం: 1688లో రాజు మారాడు, ఆ మార్పును సమర్థిస్తూ లాక్ రాశాడు, అంతే. ముందుమాటలో ఆ కొత్త రాజు విలియంను పొగిడాడు కాబట్టి చాలాకాలం అందరూ అలాగే చదివారు. లాస్లెట్ ముందుమాటను పక్కనపెట్టి లోపలి సరుకు చూశాడు. మొదటి వ్యాసమంతా, రాజు అధికారం ఇంటి పెద్ద అధికారం నుంచే వచ్చిందన్న రాబర్ట్ ఫిల్మర్ మీద దాడి. ఫిల్మర్ 'పేట్రియార్కా' తొలిసారి అచ్చయింది 1680లో. ఆయన మీద అంత పట్టుదలగా విరుచుకుపడాల్సిన అవసరం ఆ రోజుల్లోనే ఉంది. పైగా మధ్యలో ఉండాల్సిన కాగితాలు, మిగిలినదాని కంటే ఎక్కువ, పోయాయని లాక్ ముందుమాటలోనే చెప్పాడు. అప్పటికప్పుడు కూర్చుని రాసినవాడు అనే మాట కాదది. ఇలాంటి ఆధారాలన్నీ కూర్చి లాస్లెట్ రచనాకాలాన్ని 1679-81 ప్రాంతానికి జరిపాడు. అప్పుడు పుస్తకం తీరే మారిపోతుంది. జరిగినదానికి సమర్థన కాదు, జరగాలని కోరిన పిలుపు. ఆ రోజుల్లో ఇలాంటి రాతలు ఇంట్లో దొరికితే ప్రాణానికే ముప్పు. 1683లో రాజకీయ రచయిత ఆల్జెర్నన్ సిడ్నీకి మరణశిక్ష పడ్డ విచారణలో ఆయన రాతప్రతినే సాక్ష్యంగా చూపారు. అదే ఏడు లాక్ హాలండ్‌కు పారిపోయాడు.

మొదటి గడిని పెన్సిలుతోనే నింపండి, పక్కన ఆ ఏడు చెప్పినవాడి పేరు రాయండి. రెండో వ్యాసాన్నే లాక్ ముందు రాశాడని లాస్లెట్ వాదం. లాక్ మీద పనిచేసిన మరో పండితుడు రిచర్డ్ ఆష్‌క్రాఫ్ట్ ఒప్పుకోలేదు, దాన్ని 1681-82కు తెచ్చాడు. పేరు లేకుండా ఏడొక్కటే వేస్తే తేలని తగవు తేలిపోయినట్టు కనిపిస్తుంది.

ఇదే తప్పు ఇంకో రూపంలోనూ కనిపించింది: "1680లో ఫిల్మర్ పేట్రియార్కా రాశాడు." ఫిల్మర్ 1653లోనే పోయాడు మహాప్రభో. ఏ ఏడు వేసేముందైనా పక్కనే రచయిత మరణ సంవత్సరం వేసుకుంటే ఈ తప్పు మీకే కనిపిస్తుంది.

క్యాలెండరు సంగతి క్లుప్తంగా. 1752కు ముందు ఇంగ్లండులో అధికారికంగా కొత్త ఏడు మార్చి 25న మొదలయ్యేది. లాక్ హాలండ్ నుంచి తిరిగొచ్చిన ఫిబ్రవరి మన లెక్కలో 1689, నాటి లెక్కలో 1688. జనవరి 1 నుంచి మార్చి 24 దాకా పడే తేదీలకు 1688/89 అని గీత పెట్టి రాయండి, మిగతావాటికి అక్కర్లేదు. హాలండ్ నుంచి వచ్చిన ఉత్తరాలైతే, అక్కడి క్యాలెండరు ముందుండేది కాబట్టి, ఇంకో పది రోజుల తేడా కూడా చూసుకోవాలి.

ఇదే జాగ్రత్త చరిత్రకారుడి విషయంలోనూ, అంటే లాస్లెట్ విషయంలోనూ పడాలి. "1964లో రాజకీయ చింతన వదిలేసి జనాభా చరిత్రకు మారాడు" అని చాలామంది రాశారు. ఆ ఏడు చరిత్రకారుడు టోనీ రిగ్లీతో కలిసి కేంబ్రిడ్జిలో జనాభా చరిత్ర బృందం పెట్టిన మాట నిజం. కానీ జాన్ హారిసన్‌తో కలిసి లాక్ గ్రంథాలయపు జాబితా తెచ్చింది 1965లో. పాత ఇంగ్లండు కుటుంబాల మీద 'ది వరల్డ్ వి హావ్ లాస్ట్' వచ్చిందీ ఆ ఏడే. వదిలేసినవాడు చేసే పనేనా ఇది? "వదిలేశాడు", "మారాడు" లాంటి క్రియలు రాసేముందు ఆ తర్వాతి ఐదేళ్ల ప్రచురణలు చూడండి. నన్నడిగితే ఇది మారడమే కాదు. ఇంటి పెద్ద అధికారమే రాజు అధికారానికి మూలమన్న ఫిల్మర్‌ను 1949లోనే పరిష్కరించి ప్రచురించినవాడికి, ఆ ఇళ్లలో నిజంగా ఎంతమంది ఉండేవారో లెక్కపెట్టాలనిపించడం వింతేమీ కాదు.

లాక్ పట్టికకు ఐదో గడి కూడా ఒకటుంది: దిద్దిన ప్రతి. 1698 ముద్రణ ప్రతి ఒకటి కేంబ్రిడ్జి క్రైస్ట్స్ కాలేజీలో ఉంది. దాని అంచుల్లో లాక్ చేతిరాతలోనూ, ఆయన సహాయకుడు పియర్ కోస్ట్ చేతిరాతలోనూ దిద్దుబాట్లున్నాయి. లాస్లెట్ 1960లో అచ్చేసిన పాఠానికి ఆధారం 1690 ప్రతి కాదు, ఇదే.

అభ్యాసం: ఇంగ్లండు తత్వవేత్త హాబ్స్ 'ది ఎలిమెంట్స్ ఆఫ్ లా'కు గడులు నింపండి. రాతప్రతిగా తిరిగినది 1640, రెండు ముక్కలుగా అచ్చయింది 1650, జర్మన్ సామాజిక శాస్త్రవేత్త ఫెర్డినాండ్ టోనీస్ ఒక్కటిగా కూర్చింది 1889. తర్వాత టోనీస్ జీవితంలోని 1889 వరుసను ఒకే వాక్యంలో రాయండి. "1650లో రాసిన" అన్న మాట కనిపిస్తే ఆ కాగితం చించేసి మళ్లీ మొదలుపెట్టండి.